గట్టుకి అటూ ఇటూ

“ఇప్పటికైనా ఒప్పుకుంటారా, లేదా?” అంది భార్య, గట్టు మీద నడుం మీద చేతులు వేసుకుని నిలబడి.

రైతు తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. గట్టుకి అటువైపున్న మొక్కజొన్న ఆవిడది, ఇటువైపుది ఆయనది. రెండూ ఏపుగా, పోటాపోటీగా ఎదిగాయి. వ్యవసాయాధికారిణి అటో కండె ఇటో కండె విరిచి, పొరలు ఒలిచి గింజ చూస్తోంది.

పందెం చిన్నదేం కాదు. ఓడినవాళ్లు వచ్చే పంటకి చేనంతా గెలిచినవాళ్ల మాట ప్రకారం సాగు చెయ్యాలి. వ్యవసాయాఫీసులో ఇచ్చిన బ్యాక్టీరియా పొడిని గంజిలో కలిపి ఆవిడ విత్తనాలకి పట్టించింది. గాలిలో ఉన్న నత్రజనిని ఆ సూక్ష్మజీవులే పట్టి వేళ్లకి అందిస్తాయట, ఇక యూరియాతో పనే లేదట. “కంటికి ఆనని పురుగులు నీకు పంట పండించి పెడతాయా?” అని నవ్వి, రైతు తన వాటాకి యూరియా బస్తా తెచ్చుకున్నాడు.

అధికారిణి చేతులు దులుపుకుంది. “యూరియా వేసినచోట ఎలా ఉందో, వెయ్యనిచోటా గింజ అలాగే నిండింది. అమ్మా, మీరే గెలిచారు. రేపే ఊళ్లో రైతులందరినీ తీసుకొచ్చి చూపిస్తాను. ఈసారి ఎవరూ యూరియా జోలికి వెళ్లక్కర్లేదు.”

రైతు గబగబా రెండడుగులు ముందుకి వేశాడు. పెళ్లాం చేతిలో ఓడిపోవడం ఆయనకి కొత్తేం కాదు. కానీ ఇప్పుడు ఊరందరి పంటా తన నెత్తి మీదికి వచ్చేలా ఉంది.

“మేడం, ఒక్క మాట,” అన్నాడు గొంతు సవరించుకుని. “ఆ బస్తా నేను నావైపు వెయ్యలేదు. తనవైపే వేశాను.”

భార్య గిరుక్కున ఆయనవైపు తిరిగింది.

“మొక్క మోకాలెత్తున ఉన్నప్పుడు ఆకు కాస్త పాలిపోయినట్టు అనిపించింది. తను వాళ్ల చెల్లెలింటికి వెళ్లింది చూసి, బస్తా మొత్తం అటే చల్లేశాను.”

“ఎందుకండీ?” అంది అధికారిణి.

“గెలిస్తే నెలంతా దెప్పుతుంది. ఓడితే నెలంతా మాట్లాడదు. దెప్పడమే నయం అనిపించింది.”

భార్య మొహం అటు తిప్పేసుకుంది. కోపమో నవ్వో తెలియలేదు.

అధికారిణి నుదురు చిట్లించింది. “అయితే అటువైపు పండింది యూరియాతోనన్నమాట. మరి మీ వైపు ఏం వేశారు?”

“ఏమీ వెయ్యలేదు మేడం. అదే నాకూ అంతు చిక్కడం లేదు. ఇవాళో రేపో పసుపెక్కిపోతుందని రోజూ దొంగచాటుగా వచ్చి చూసుకునేవాణ్ణి. అదేమో నవనవలాడుతూ పెరిగింది.”

అధికారిణీ రైతూ అయోమయంగా ఇటువైపు చేనుకేసి చూశారు.

భార్య వంగి గట్టు మీద గడ్డిపరక పీకుతూ మెల్లగా అంది: “పొడి కాస్త మిగిలితే పారబొయ్యబుద్ధి కాలేదు మేడం. ఈయన విత్తనాలకీ పట్టించేశాను.”