రెండు నిమిషాల కేక

పేర్లు రాసుకునే బల్ల ఎత్తేసే వేళకు ముసలాయన వచ్చాడు.

ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా. జూన్ ఎండలో కూడా మెడకు గుడ్డ చుట్టుకున్నాడు. ఎనభై దాటే ఉంటాయి.

"నిమ్మరసం వరస అటండీ," అన్నాడు డోర్సీ. "ఇది కేకల పోటీ."

"కేకకే వచ్చాను, బాబూ."

గొంతు జల్లెడలో గులకరాళ్ళలా గరగరలాడింది. పక్కనున్న వెండెల్ పకపకా నవ్వాడు.

"ఈ గొంతుతోనా, పెద్దాయనా? మా కోడిపుంజు నయం."

"సోమవారం ఆస్పత్రిలో గొంతు కోసి స్వరపేటిక తీసేస్తున్నారు. ఇంకెప్పుడు అరుస్తాను?"

వెండెల్ నవ్వు ఆపి టోపీ సర్దుకున్నాడు.

"పేరు?" అడిగాడు డోర్సీ.

"థర్మన్."

"ఊరు?"

"ఇప్పుడా? చాలా దూరం. ఒకప్పుడు ఇక్కడే. ఆ చిత్తడి అడవి అవతల మా నల్లవాళ్ళ గుడిసెలుండేవి. పొగాకు కౌలు. ఆ రోజుల్లో మేం కంచె దాటి ఇటు రావడానికి ఉండేది కాదు."

డోర్సీ 'దూరం' అని రాసుకున్నాడు.

"ఇదే ఆఖరి ఏడాదని పేపర్లో చూశాను."

"అవునండీ. మా అమ్మ కోసం మొదలైంది, ఆమెతోనే సరి. ఆరేళ్ళప్పుడు ఆ చిత్తడిలో తప్పిపోయిందట. మూడో రోజు ఎవరో కేకలేసుకుంటూ వచ్చి, ఎత్తుకుని, మా కంచె దగ్గర దించి వెళ్ళిపోయాడు. అప్పటికే వయసు మళ్ళినవాడై ఉంటాడు, ఎప్పుడో పోయుంటాడు. ఆ కేక నేర్చినవాళ్ళైనా వస్తారేమో, పోయేలోగా ఒక్కసారి వింటానని ఆమె ఆశ. నలభై ఏళ్ళుగా ఎవరు అరిచినా 'ఇది కాదు' అంటుంది."

"ఎక్కడుంది?"

డోర్సీ పొలం చివరి తెల్ల ఇల్లు చూపించాడు.

"ఆ తెరిచిన కిటికీ ఆమెదే. పక్షవాతం. మార్చి నుంచి మాట లేదు. ఇంకో వారం అంటున్నారు."

"చెవులు?"

"చెవులకేం, పాముచెవులు."

థర్మన్ కిటికీ వైపే చూస్తున్నాడు.

"ఒక్కొక్కరికి రెండే నిమిషాలండీ," అన్నాడు డోర్సీ. "మధ్యలో పది లెక్కపెట్టేంతసేపు నోరు మూస్తే గంట కొట్టేస్తాను. జనం డబ్బు పోసి టికెట్ కొన్నారు."

"కేకంటే అరవడం ఒక్కటేనా ఇప్పుడు?"

"మరింకేముంది?"

థర్మన్ వెళ్ళి వరస చివర నిలబడ్డాడు.

మధ్యాహ్నానికి పొలమంతా కార్లు. ఎక్కడెక్కడి రాష్ట్రాల వాళ్ళో వచ్చి ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. పందుల్ని పిలిచే కేక, భోజనానికి పిలిచే కేక, తెల్లారిందని పొరుగువాడికి చెప్పే కేక. వెండెల్ రెండు నిమిషాలూ ఊపిరి తిప్పుకోకుండా అరిచాడు. ఈలలు వేశారు.

ఆఖరున థర్మన్.

మెట్లు ఎక్కి, మెడ గుడ్డ విప్పి జేబులో పెట్టుకున్నాడు. జనానికి వీపు తిప్పి, ఆ తెల్ల ఇంటి వైపు నిలబడ్డాడు.

కేక కింద నుంచి లేచింది. మధ్యలో చిరిగింది. చిరిగిన చోటే పైకెక్కి, తెగిపోయింది.

అంతే. చెవి వెనక చెయ్యి ఆనించి నిలబడిపోయాడు.

"తాతా, మేం ఇటున్నాం!" ఎవరో అరిచారు.

"బ్యాటరీ అయిపోయిందిరోయ్!"

నవ్వులు. డోర్సీ లెక్కపెడుతున్నాడు. ఆరు. ఏడు.

"బాబూ, కాసేపు వాళ్ళని ఊరుకోమను," అన్నాడు థర్మన్, తల తిప్పకుండానే. "ఏమీ వినబడటం లేదు."

తొమ్మిది. పది.

డోర్సీ గంట కొట్టాడు.

"రూలు రూలేనండీ, పెద్దాయనా."

థర్మన్ చెయ్యి దించాడు. గుడ్డ మెడకు చుట్టుకున్నాడు. దిగి వెళుతుంటే కొందరు జాలితో చప్పట్లు కొట్టారు. ఏ కారెక్కాడో ఎవరూ చూడలేదు.

వెండెల్‌కు కప్పు ఇచ్చి, కుర్చీలు మడిచి, నాలుగింటికి డోర్సీ ఇల్లు చేరాడు. భార్య జానెల్ మెట్ల మీద కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"అమ్మ విందా? ఈసారీ తల అడ్డంగానే ఊపిందా?"

"అరిచింది, డోర్సీ."

"ఎవరు?"

"అత్తయ్యే. మాట లేని మనిషి! మూడింటప్పుడు ఉన్నట్టుండి 'ఊ...' అంది. అచ్చం చిన్నపిల్ల గొంతు. ఓపిక కూడదీసుకుని మళ్ళీ 'ఊ...' అంది. అప్పుడే మీ గంట మోగింది. ఇంక కిటికీ వైపు చూస్తూ ఒకటే ఏడుపు. నొప్పికి తట్టుకోలేకపోతోందనుకున్నాను."

"ఏం చేశావు?"

"నర్సు ఉంచి వెళ్ళిన మందు వేశాను. అది మొదలుపెడితే ఇక మెలకువ ఉండదని చెప్పింది కదా. పడుకుంది."

డోర్సీ చేతిలోని పేర్ల కాగితం విప్పాడు. చివరి వరసలో తన చేతిరాతే ఉంది: థర్మన్, దూరం.

అంత చిత్తడిలో ఆరేళ్ళ పిల్ల ఎటువైపు ఉందో ఆ కేకేసినాయనకు ఎలా తెలిసిందని, ఇన్నేళ్ళలో అతను తల్లిని ఒక్కసారీ అడగలేదు.