దొంబ్రా కబురు

మా కజాఖుల్లో చావు కబురు నోటితో చెప్పరు. రెండు తీగల దొంబ్రా మీద వినిపిస్తారు. అల్మాటీ విశ్వవిద్యాలయంలో నా సంగీత పరిశోధన ఆ వరసల మీదే.

నేను వాయించినప్పుడల్లా తొక్తార్ మాస్టారు వెక్కిరించేవారు. "వేళ్లు బాగానే ఆడుతున్నాయి జాదిరా, ఏడుపే లేదు. అయినా బొగ్గుగనిలో మీ నాన్న గుండ్రాయిలా ఉన్నాడు, నీకు ఏడుపెలా వస్తుందిలే."

ఆ ఉదయం ఆయన బయట ఏదో ఫోన్ మాట్లాడి వచ్చి దొంబ్రా అందుకున్నారు. నేనెన్నడూ వినని వరస. గబగబా రికార్డర్ నొక్కాను.

"ఎంత బాగుంది మాస్టారూ. పరీక్షలో ఇదే వాయిస్తాను. ఎవరు పోయినప్పటిది?"

ఆయన దొంబ్రా తెచ్చి నా ఒళ్లో పెట్టారు.

"మీ అమ్మకింకా తెలీదు తల్లీ. నువ్వే వినిపించాలి."