నల్ల భుజాల టమాటా

తొమ్మిదో నంబరు మడి దగ్గర గెర్ట్రూడా చేతికర్ర ఆనించి నిలబడిపోయింది. కంచెలోంచి కనబడుతున్న కాయ ఆమెది.

పొరపాటు పడే కాయ కాదు అది. రెండు పిడికిళ్లంత లావు. నారింజ రంగు ఒళ్లు, తొడిమ చుట్టూ బొగ్గు పూసినట్టు నల్లటి భుజాలు. ఆమె భర్త గనిలో పని దిగి, తిండైనా తినకుండా తోటలో దూరి, పదకొండేళ్లు తంటాలు పడి నిలబెట్టిన రకం. దానికి పెళ్లాం పేరే పెట్టుకున్నాడు. పోయేముందు ఒక్కటే కోరాడు, దాన్ని పదిమంది పాలు చెయ్యొద్దని. ఇరవై ఏళ్లుగా ఒక్క గింజ కూడా ఆమె తన మడి దాటనివ్వలేదు. ఏటా ఆగస్టు పంటల పోటీలో మొదటి బహుమతి ఆ కాయదే. తలా ఒక మడి సాగుచేసుకునే ఆ తోటల సంఘానికి అధ్యక్షురాలు కూడా ఆమే కాబట్టి, తన చేత్తో తనకే బహుమతి ఇచ్చుకుంటోందని వెనకాల నవ్వుకునేవాళ్లు. నవ్వనీ అనుకునేది.

"ఇది నీకెక్కడిది, అలోయ్‌జీ?"

సంఘం కార్యదర్శి అలోయ్‌జీ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "దానంతట అదే మొలిచిందండీ అధ్యక్షురాలు గారూ. దోసపాదుల మధ్య. బాగుంది కదా అని ఉంచేశాను."

"దానంతట అదే! రేపు సాసేజీలు కూడా మొలుస్తాయేం?"

ఆ పూట కుంటుకుంటూ ఇరవై నాలుగు మడులూ తిరిగింది. పుచ్చకాయల సందులో ఒకటి, గులాబీల పక్కన ఒకటి, కంచె వారగా మూడు. ఎక్కడ చూసినా నల్ల భుజాలే. ఎవర్ని అడిగినా ఒకటే పాట. దానంతట అదే మొలిచిందట. అందరూ కూడబలుక్కుని ఒకే అబద్ధం వల్లెవేశారని ఆమె ఒళ్లు మండిపోయింది. ఈ జనం కోసం తనేం తక్కువ చేసింది? నీళ్ల గొట్టాలు వేయించింది. తుంటి ఎముక ఆపరేషనయి సరిగ్గా నిలబడలేకపోయినా, ఏప్రిల్లో కర్ర పట్టుకుని నిలబడి మడికి రెండు బండ్ల చొప్పున సంఘం ఎరువు పంచిపెట్టింది. అలాంటి తనకా ఈ ద్రోహం?

ఒక్క మడిలో మాత్రం ఆ మొక్క లేదు. అది రూజా మడి.

రూజా ఆమెకు నలభై ఏళ్ల నేస్తం. మొగుడు వదిలిపోయిన పావురాల్ని పెంచుకుంటూ, వాటి పెంట తప్ప తన మట్టికి ఇంకోటి పెట్టని మొండిమనిషి. పోయిన సెప్టెంబరులో గెర్ట్రూడా ఆస్పత్రిలో ఉన్న మూడు వారాలూ ఆమె మడిలోని గుడిసె తాళంచెవి రూజా దగ్గరే ఉంది. విత్తనాల సీసా ఆ గుడిసెలోనే ఉంది. ఆస్పత్రికి వెళ్లే ముందురోజు గెర్ట్రూడా చెట్లకు ఒక్క పండు కూడా మిగల్చలేదు. గింజ బయటికి పోవాలంటే ఆ సీసాలోంచే పోవాలి. తన మడిలో లేకుండా చూసుకుని అందరికీ పంచింది, ఎంత తెలివి!

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక సంఘం కూర్చుంది. దొంగతనం చేసిన వాళ్లకు మడి ఉండదు. ఆ నిబంధన రాసింది గెర్ట్రూడానే.

"నీ గింజలు నేను తీశానా, ట్రూడా?" అంది రూజా. "పోనీ, సీసాలో తగ్గాయా? చూసుకున్నావా?"

"గింజలెవరు లెక్కపెడతారే? తాళంచెవి నీ చేతికిచ్చి మొత్తం సీసా నీ ముందు పెట్టి పోయాను చూడు, నాదీ బుద్ధి తక్కువ!"

"మూడు వారాలు నీ మడికి నీళ్లు పోశాను. రెండు బస్సులు మారి నీకు సూప్ మోసుకొచ్చాను."

"అందుకేనా కూలి ముందే తీసుకున్నావు?"

రూజా వైపు మాట్లాడితే తమ మడిలో కాయ సంగతి ఏం చెప్పాలి? ఆమె మడి తీసెయ్యడానికి ఒక్కొక్కటే చేతులు లేచాయి. అలోయ్‌జీ చెయ్యి ఆఖర్న, సగమే లేచింది.

రూజా తన మడి తాళంచెవి బల్ల మీద పెట్టింది. "నా పావురాలకు ఈ చోటు తప్ప ఇంకోటి తెలీదే," అని మాత్రం అంది. శనివారం ఎవరో వచ్చి పావురాలను బుట్టల్లో ఎక్కించుకుపోయారు. గెర్ట్రూడా అటు చూడలేదు. చూస్తే ఏడుపొస్తుందని ఆమెకు తెలుసు. నలభై ఏళ్లు నమ్మిన మనిషి ఇంత పని చేసింది, ఏడవాల్సింది తనే కదా.

సోమవారం అందరి మడుల్లోని ఆ టమాటా మొక్కలూ పీకించింది.

"ఎరువుకుప్పలో పారేసి వస్తానండీ," అన్నాడు అలోయ్‌జీ, బండి పట్టుకుని.

"దారిలో ఒక్క కాయ జేబులో వేసుకున్నా నాకు తెలుస్తుంది. పద, నేనూ వస్తాను."

గోడ వెనక ఉన్న ఆ కుప్పలోంచి ఏప్రిల్లో ఎరువు పంచాక ఆమె అటు రావడం ఇదే మొదటిసారి. అలోయ్‌జీ ముందు మలుపు తిరిగి, బండి దించేసి, పక్కకు జరిగాడు.

ఆస్పత్రికి వెళ్లే ముందురోజు, ఎవరి చేతికీ ఒక్క గింజ చిక్కకూడదని చెట్ల మీది పండ్లన్నీ బకెట్లకెత్తి తన చేతులతో తానే లోతుగా పూడ్చిపెట్టిన ఆ కుప్ప నిండా, నల్ల భుజాల కాయలు విరగ్గాసి ఉన్నాయి.