కూడితే తొమ్మిది

పాప పుట్టిన రోజున ఆస్పత్రివాళ్ళు అరవై అంకెల ప్రాణసంఖ్య ఇచ్చి, చివరి రెండంకెలు మాత్రం తల్లిదండ్రుల్ని ఎంచుకోమన్నారు. వేరే ఏ సంఖ్యతో భాగించినా తెగనిదైతేనే అది గట్టి తాళమనీ, తెగేదైతే ఎవరైనా విడగొట్టి పాప పేరు మీద బతికేస్తారనీ నర్సు చెప్పింది. పాప తండ్రి సింహాచలం వింటేనా! బండి నంబరైనా, ఫోన్ నంబరైనా అంకెలు కూడితే తొమ్మిది రావాల్సిందే అతనికి. కూతురికీ తొమ్మిదే తెప్పించి, ఆ సంఖ్యను బిళ్ళ మీద చెక్కించి మెళ్ళో వేశాడు.

మూడేళ్ళకి, జ్వరంతో కాలిపోతున్న పాపను భుజాన వేసుకుని అదే ఆస్పత్రికి పరిగెత్తాడు. బిళ్ళ చూపించగానే, "ఈ పాప లోపలే ఉంది" అంది తలుపు. చెప్పుకోవడానికి ఆస్పత్రి మనిషంటూ ఎవరూ లేరు. అద్దంలోంచి చూస్తే, కూతురి పేరున్న మంచం మీద ఇంకెవరి పిల్లో పడుకుని ఉంది.

ఆ పిల్ల తల్లి బయటికొచ్చింది.

"నీ పాప నంబరు నానే తీసినానన్నా," అంది తల దించుకుని. "తొమ్మిదొచ్చిందంటే తొమ్మిదితో తెగిపోద్ది గదా. నా పిల్లదీ అలాగే ఎవులో పట్టుకుపోనారు."

"మరి నా పాపో?"

ఆమె వరండాలో జబ్బు పిల్లలతో కూర్చున్న తల్లుల వైపు చూసింది. "మనూర్లో తొమ్మిది రాని పిల్లలెవులున్నారన్నా? ఒకటి సూసుకో."

మొదటి తల్లి ఒళ్ళో మూలుగుతున్న పసివాడి మెళ్ళో బిళ్ళ ఊగుతోంది. సింహాచలం చూపు తిప్పుకుందామనుకున్నాడు. అప్పటికే అతని పెదవులు అంకెలు కూడుతున్నాయి.