మోకాలెత్తు జోనంగి

...కుక్క చిన్నదైతే మాత్రం ఏం పోయింది, తిండి కలిసొస్తుంది, ఊళ్ళో జోనంగి జాతి కుక్కలన్నీ ఇప్పుడు పిల్లి అంతే ఉన్నాయి కదా, అనుకుంటూనే నాంచారమ్మ చూలుతో ఉన్న తన కుక్క వీపు నిమిరింది. కొల్లేరు గట్టున మోకాలెత్తు ఎదిగిన జోనంగి ఇదొక్కటే మిగిలింది. డాక్టరు తెచ్చిన ఈ జన్యువుల సూది పడితే దీని పిల్లలూ, వాటి పిల్లలూ ఒళ్ళో పట్టేంతే పెరుగుతాయి.

"కానిమ్మంటావా అత్తా?" అన్నాడు పశువుల డాక్టరు రత్నాకర్.

"మరి నా బాతుల్ని ఎవరు తోల్తార్రా?"

"డ్రోన్లున్నాయిగా!"

"ఆ రొదకి గుడ్లు పెట్టడం మానేశాయి. నిన్న నీ బుల్లికుక్కని నా బాతులే తరిమాయి, చూళ్ళేదా?"

"పోనీలే అత్తా, ముద్దుగా ఉంటాయి."

ఆ మాట దగ్గర ఆమె మనసు ఆగింది. రత్నాకర్ బుల్లికుక్కను ఎత్తుకున్నప్పుడల్లా తనలో పొంగేదీ ఆ ముద్దే. ఇన్నాళ్ళూ దాన్ని ప్రేమ అనుకుంది. ఎత్తుకుంటే దిగి పారిపోవడం దానికి చేతకాదు, అందుకే ముద్దు. తన కుక్క మాత్రం పిలిస్తే ఒక్క క్షణం ఆలోచించుకుని వస్తుంది. ఆ పొగరు లేకపోతే అది బాతుల మంద ముందు నిలబడగలదా?

రత్నాకర్ సూది మూత తీశాడు. నాంచారమ్మ దాన్ని అతని చేతిలోంచి తీసుకుని, మూత బిగించి, అతని సంచిలో పెట్టేసింది.