పదకొండు వేల అడుగులు

"కాలికి పిండికట్టుతో మంచం మీదున్న మనిషి రోజుకి పదకొండు వేల అడుగులు ఎలా నడిచాడక్కా?"

విద్యార్థిని అడిగిన ప్రశ్నకి ఆరోగ్య కార్యకర్త తడుముకోలేదు. "ఆయనకి పట్టుదల ఎక్కువమ్మా."

వీధి చివరి ఆరోగ్య కేంద్రంలో, ఊగిపోతున్న బల్లకి అటొకరూ ఇటొకరూ కూర్చున్నారు. షుగరున్న పన్నెండు మందిని రోజూ నడిపించే పథకం అది. అడుగులు లెక్కపెట్టే పట్టీ తలా ఒకటి చేతికి కట్టారు. ఆర్నెల్లు గడిచాక, పథకం పనిచేసిందో లేదో తేల్చుకు రమ్మని కాలేజీవాళ్ళు ఈ పిల్లని తోలారు. కాగితం నమ్మకు, కళ్ళతో చూడు అని సారు చెప్పి పంపాడు. మనుషులు ఇంత నున్నగా అబద్ధమాడతారని మాత్రం చెప్పలేదు.

"సరే, ఆయనకి పట్టుదల. మిషను ముందునుంచి లేవని టైలరుకీ పదకొండు వేలు. మోకాళ్ళ నొప్పుల పెద్దమ్మకీ పదకొండు వేలే. ఇన్ని అడుగులు పడితే ఒక్కరికైనా షుగరు వీసమెత్తు తగ్గలేదేం?"

"తిండి దగ్గర నోరు కట్టుకోరమ్మా."

"పట్టీలు చూపించండి."

"ఎవరివి వాళ్ళ చేతులకే ఉన్నాయి."

"ఇప్పుడే పన్నెండిళ్ళూ తిరిగొచ్చాను. ఒక్క చేతికీ లేదు. అక్క దగ్గరుందన్నారు అందరూ. టైలరైతే, చెయ్యి దురద పెడుతోందని మొదటివారమే ఇచ్చేశానన్నాడు. సిగ్గు కూడా పడలేదు."

కార్యకర్త తెల్లకోటు చేతులు మోచేతుల పైకి లాగింది. ఎడమచేతికి ఆరు పట్టీలు, కుడిచేతికి ఆరు.

"నన్నేం చెయ్యమంటావు? ఒక్కరూ గడప దాటరు. అడుగులు తగ్గితే నిన్ను తీసేస్తామని పైవాళ్ళు బెదిరించారు. అందుకే పొద్దున్నే ఇవన్నీ తగిలించుకుని, ఎండనక వాననక నేనే తిరుగుతున్నా. నువ్వు నిజం రాశావంటే నా ఉద్యోగం ఊడుతుంది."

"అబద్ధం రాస్తే నా డిగ్రీ ఊడుతుంది."

విద్యార్థినికి జాలేసింది. ఆ పన్నెండు మందినీ వరసగా నిలబెట్టి చెడామడా తిట్టాలనిపించింది. అయినా రాయక తప్పదు. పట్టీల సంగతి ఎలా రాయాలో తెలియక, ముందు రిపోర్టు చివరి పేజీ తీసి, పైకి చదువుతూ రాసింది.

"ఆర్నెల్లు నడిచినా ఈ పథకం వల్ల షుగరు ఎవరికీ తగ్గలేదు."

"ఆగాగు. నిజమే రాస్తానన్నావుగా," అంది కార్యకర్త, కోటు చేతులు కిందికి దించుకుంటూ. "ఎవరికీ అని ఎలా రాస్తావు? మూడొందలుండే నా షుగరు నూట పదికి దిగింది."