ఎనిమిది బార్ల సోలో

“అంకుల్, ఇంకొక్కసారి. ఈ సోలో మీకెలా తట్టింది?”

కరోలిన్ టేప్ రికార్డర్‌ని ఆయన వైపు జరిపింది. ఈ పరాయి దేశం వచ్చాక బ్లాక్‌టౌన్ చర్చిలో పరిచయమైన వాళ్ళ అమ్మాయి. యూనివర్సిటీలో సంగీతం చదువుతోంది. పెద్ద జాజ్ బ్యాండ్ల నుంచి బీబాప్ అనే వేగమైన, అప్పటికప్పుడు అల్లుకునే బాణీ ఎలా పుట్టిందన్నదే ఆమె థీసిస్.

సుందర్ రాజు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ పాత బొంబాయి రికార్డు ఎక్కడో బయటపడ్డప్పటి నుంచి అందరిదీ ఇదే ప్రశ్న. జవాబు చెప్పి చెప్పి ఆయన ప్రాణం విసిగిపోయింది.

“మా మామగారు నాథన్ గారి బ్యాండమ్మా అది. హోటల్లో డాన్సులకి వాయించేవాళ్ళం. రాసింది రాసినట్టే ఊదాలి. అంతమందిదీ ఒకటే ఊపిరి. పాట మధ్యలో ఎవరో ఒకరికి ఎనిమిది బార్లు, అంటే తాళంలో ఎనిమిది ఆవర్తాలు, సొంతంగా ఊదుకోమని వదిలేవారు. మనసులో ఉన్నదంతా ఆ కాస్తలోనే కుక్కెయ్యాలి.”

“అందుకే అంత స్పీడా?”

“మరి? అమెరికా కుర్రాళ్ళూ బ్యాండుల్లో కూర్చుని కూర్చుని, ఆ చోటు చాలకే బయటికొచ్చారు. ఆ ఊపిరి నేర్పింది మాత్రం బ్యాండే.”

“ఎగ్జాక్ట్లీ! బట్ మీ మిగతా రికార్డులన్నీ స్లో కదా అంకుల్. ఆ రోజేమైంది?”

“ఒళ్ళు కాలిపోయే జ్వరం. నిలబడలేకపోయాను.”

“జ్వరంతోనా! అమేజింగ్!”

ఆయన ఏదో అనబోయి దగ్గాడు. సువర్ణకుమారి టీ తెచ్చి భర్త పక్కన పెట్టింది.

“ఎక్కువ మాట్లాడించకమ్మా, ఆయాసం.”

“సారీ ఆంటీ. మీరూ ఆ హోటల్‌కి వెళ్ళేవారా?”

“హోటలు వాళ్ళు ఆడపిల్లల్ని స్టేజీ ఎక్కనిచ్చేవారు కాదు. రిహార్సల్స్ మాత్రం మా ఇంట్లోనే.”

ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. కరోలిన్ కళ్ళు మెరిశాయి.

“అంకుల్, ఇండియాలో ఫస్ట్ బీబాప్ సోలో ఇదేనని రాస్తున్నాను. యువర్ నేమ్ విల్ బి ఇన్ ద బుక్స్!”

సుందర్ రాజు టేప్ రికార్డర్‌ని ఆమె వైపు తోసేశాడు. తాగని టీ చల్లారిపోయింది.

“నాథన్ గారు మా చేత ఒట్టు వేయించుకున్నారమ్మా. హోటలు వాళ్ళకి తెలిస్తే బ్యాండు మొత్తం వీధిన పడేది.”

“ఏం తెలిస్తే?”

ఆయన వంటింటి వైపు తిరిగాడు.

“ఇంక నా వల్ల కాదు సువర్ణా. నువ్వే చెప్పు.”

సువర్ణకుమారి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

“ఆ సోలో ఊదింది నేనమ్మా.”